తొడుగు మీద టీ మరక

పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఒక రోజు పొద్దున మదనపల్లె టమాటా మార్కెట్ గేటు బయట నిలబడి జామకాయ కొరికాను. కాయ తెగలేదు. పన్ను కదిలింది.

పై వరసలో ముందుండే రెండు పళ్లలో ఎడమది. నాలుకతో తోస్తే బయటికి, పెదవితో నొక్కితే లోపలికి పోతోంది. కాయ మీద పళ్ల గుర్తుల పక్కనే కాస్త నెత్తురు. చుట్టూ చూశాను. ఎవరూ గమనించలేదు. కాయను సంచిలో వేసుకుని, ఆనాటి ధరలు రాసుకోవడానికి టమాటాలు వేలం వేసే మండీల్లోకి వెళ్లాను.

అప్పటికి నాకు యాభై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లుగా విలేకరిని. మొదట పుంగనూరులో, తర్వాత మదనపల్లెలో. పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కితే మార్కెట్, ఆ పైన ఆఫీసులు, ఆస్పత్రి, పోలీస్ స్టేషన్. రాత్రికి ఇల్లు. ఇంట్లో అమ్మా నేనూ. నా భార్య విజయ గుడుపల్లె మండలంలో హైస్కూలు సైన్సు టీచరు. కుప్పంలో గది తీసుకుని ఉంటుంది. శనివారం తను రావడమో, నేను వెళ్లడమో.

నా పళ్లు నన్ను ఉన్నట్టుండి మోసం చేశాయని చెప్పలేను. రెండేళ్లుగా బ్రష్ ఎర్రబడుతూనే ఉంది. ముందు పళ్ల మధ్య సందు పెరుగుతూనే ఉంది. ఫొటోల్లో నోరు మూసుకుని నిలబడడం అలవాటు చేసుకున్నాను, అంతే. నాకు షుగర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్ల చిగుళ్లు తొందరగా చెడతాయన్న వ్యాసాన్ని మా పేపరు ఆరోగ్య పేజీ కోసం నేనే ఎన్నిసార్లు దిద్దానో. దిద్దడం వేరు, చదవడం వేరు.

మే నెలలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. మదనపల్లెలో బట్టల అంగడి మిద్దె మీద ఆ క్లినిక్. వేచి ఉండే గదిలో అందరూ ఒక చెంపకు చేయి ఆనించుకుని, ఎవరో ఫొటో తీస్తున్నట్టు కదలకుండా కూర్చుని ఉన్నారు. నా పక్కన పెద్దమండ్యం నుంచి వచ్చిన ఒక పెద్దామె.

"నీకు యా పన్నప్పా?" అని అడిగింది.

"ముందరిదమ్మా."

"ముందరిదంటే కష్టమే. నాది యెనకది. పీకేసినా ఎవురికీ కనపడదు." కాసేపటికి నా మొహం చూసి జాలి పుట్టిందేమో, కొంగు ముడి విప్పి లవంగం తీసిచ్చింది. "పెట్టుకో. లోపల శానాసేపు పడతాది."

డాక్టరమ్మది సదుం దగ్గర పల్లె. రైతు బిడ్డ. ఎక్స్‌రేను వెలుగుకు ఎత్తి చూపించింది.

"టమాటాకు ఊతకట్టె నాటుతారు గదా సార్. కట్టె బాగానే ఉండాది, మొదట్లో మన్ను కొట్టుకుపోయింది. మీ పన్ను చెడిపోలా. దాన్ని పట్టుకునే ఎముక దిగిపోయింది. అందుకే బయటికి ఒరిగింది."

"పీకాల్నా?"

"ఇప్పుడే ఆ మాట వద్దు. పోయిన ఎముక మాత్రం తిరిగి రాదు. ముందు చిగుళ్లు నయం చేద్దాం. ఆమీద పండ్లను లోపలికి జరిపి, యెనక తీగతో కట్టేస్తే నిలబడొచ్చు."

మే, జూన్ నెలలు చిగుళ్ల కింద పేరుకున్న గార గోకించుకోవడంలోనే గడిచాయి. నొప్పి తెలియకుండా సూది వేస్తారు కానీ శబ్దానికి సూది లేదు. అది చెవుల్లోంచి కాదు, పుర్రెలోంచి వినిపిస్తుంది. ఇంటికొచ్చి చల్లటి మజ్జిగ పుక్కిట పట్టి కూర్చునేవాణ్ని. ఆ ముందు రెండు పళ్లూ ఉంటాయా పోతాయా అన్నదొక్కటే నా ఆలోచన. మాట్లాడే వృత్తి నాది. ముందు పళ్లు లేని నోటితో కలెక్టరును ప్రశ్న అడుగుతున్నట్టు ఊహించుకుని చాలాసార్లు భయపడ్డాను.

జూలైలో విజయ కూడా వచ్చింది. డాక్టరమ్మ బల్ల మీద రెండు పెట్టింది. ఒకటి క్లిప్పులూ తీగా బిగించిన సున్నపు దవడ నమూనా. రెండోది కుబుసంలా పలచగా, ఇటు నుంచి అటు కనిపించే తొడుగు. దాన్నే అలైనర్ అంటారు. పళ్లకు తొడుక్కుంటే కొద్దికొద్దిగా జరుపుతుంది. పది రోజులకొకటి మార్చాలి.

"క్లిప్పులు నేను అంటిస్తే నేనే తీయాల," అంది. "చుట్టూ మెతుకులు ఇరుక్కుంటాయి. మీ చిగుళ్లకు అది మంచిది కాదు, తోముకునేదానికి ఓపిక కావాల. అలైనరయితే తీసి తోముకోవచ్చు. కానీ నోట్లో ఉన్నంతసేపే అది పని చేస్తాది. రోజుకు ఇరవై రెండు గంటలు ఉండాల. తినేటప్పుడు తీయాల. నీళ్లు తప్ప ఏం తాగినా తీయాల. రెండిట్లో దేంతోనైనా పని అవుతాది సార్. మీ దినం ఎట్ల గడుస్తాదో చెప్పండి, ఏది సరిపోతాదో చూద్దాం. టీ ఎన్నిసార్లు తాగుతారు?"

"మూడు," అన్నాను.

విజయ నా వైపు తిరిగి చూసింది. మెట్లు దిగుతుండగా అడిగింది.

"మూడా?"

"ఇంట్లో తాగేది మూడే కదా."

"ఆమె ఇంట్లో ఎన్నని అడిగిందా?"

అలైనర్లే వేసుకుంటానని అప్పటికే డాక్టరమ్మకు చెప్పేశాను. తోముకోవడానికి వీలని కారణం చెప్పాను. నిజమైన కారణం సిగ్గు. ఈ వయసులో ఇస్కూలు పిల్లోడిలా నోట్లో తీగ మెరుస్తుంటే మార్కెట్లో ఏమంటారో అని. అలైనరయితే ఎవరికీ కనిపించదు. అమ్మ మాత్రం ఏదైనా ఒకటే అన్నట్టు నవ్వింది. "మీ నాయన నీ వయసుకు పండ్లు పీకించుకున్యాడు. నువ్వు పెళ్లికొడుకు మాదిరి సరిచేయించుకుంటాండావు!"

ఆగస్టులో మొదలైంది. మొదటి మూడు వారాలు భక్తిగా చేశాను. కొత్త తొడుగు పెట్టుకున్న రోజు పళ్లన్నీ ఎవరో పట్టుకుని వంచుతున్నట్టుండేది. ఫోన్లో మాట తడబడితే, డెస్క్‌లో వాళ్లు జలుబు చేసిందా అని అడిగేవాళ్లు. సంచిలో బ్రష్షు, డబ్బా. భోజనం కాగానే తోముకోవడం, పెట్టుకోవడం.

చిక్కంతా మార్కెట్లో వచ్చింది. మండీలో విలేకరి కూర్చుంటే రేటు కంటే ముందు టీ వస్తుంది. టీ వద్దంటే పక్క మండీలో తాగి వచ్చాడని అర్థం. పక్క మండీలో తాగాడంటే వాళ్ల మనిషని అర్థం. ముప్పై ఏళ్లుగా నేను ఎవరి మనిషినీ కాననిపించుకున్నది అందరి టీ తాగే. మండీకి అరకప్పు చొప్పున, చక్కెర దండిగా వేసిన టీ. రోజుకు ఎన్నవుతాయో నేనే ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

కడుపు బాగాలేదని మొదట్లో తప్పించుకున్నాను. రెడ్డెప్ప అని పాత మండీ యజమాని, నాకంటే నాలుగేళ్లు పెద్ద. "కడుపు మా అంగడికొస్తేనే చెడిపోతాదేమప్పా? ఆ పక్కన బాగుండిందే!" అన్నాడు. నలుగురు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఒకరోజు క్రేట్ల చాటుకు వెళ్లి తొడుగు తీశాను. జొల్లు తీగలా సాగింది. క్రేట్లు దించుతున్న హమాలీ చూడనే చూశాడు. "అన్నా, పండ్లసెట్టా? యాడ కట్టించినావు? మా నాయనకూ కావాల," అన్నాడు. అతను మంచి మనసుతోనే అడిగాడు. మర్నాటి నుంచి నేను తొడుగు తీయకుండానే టీ తాగడం మొదలుపెట్టాను.

మొదటి గుటకకు ఏమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడమే నన్ను చెడగొట్టింది. తీపి టీ తొడుగు కింద చేరి గంటల తరబడి అక్కడే ఉండేది. నాలుకకు ఆ సంగతి తెలుస్తూనే ఉంది. వేడికి తొడుగు అంచులు కాస్త విచ్చుకున్నాయి. కొత్తది సరిగ్గా కూర్చోకపోతే రుమాలు మడిచి కొరికి కూర్చోబెట్టేవాణ్ని. బిగుతుగా ఉంటే పని చేస్తున్నట్టే అనుకున్నాను.

నెలకోసారి డాక్టరమ్మ అడిగేది. "ఇరవై రెండు గంటలు వేసుకుంటాండారా సార్?"

"వేసుకుంటున్నానమ్మా."

అది అబద్ధం కాదని కూడా నాకు నేను చెప్పుకున్నాను. టీ తాగేటప్పుడు కూడా తీయడం లేదు కదా! కానీ క్లినిక్‌కు వెళ్లే రోజు పొద్దున తప్పకుండా కొత్త తొడుగు వేసుకునేవాణ్ని. తప్పేమీ లేదనుకునేవాడు ఆ పని చేయడు. ఇద్దరిని అడగకుండా ఒక్క అంకె కూడా పేపర్లో వేయని మనిషిని. నా నోటి అంకెను మాత్రం ఎవరూ సరిచూడరన్న ధైర్యంతో చెప్పాను.

అక్టోబరులో ఆమె చాలాసేపు అద్దం పెట్టి చూసింది. చిగుళ్లు మళ్లీ ఎర్రబడ్డాయంది. షుగర్ ఎంతుందని అడిగింది. "ఈ పన్ను నేను అనుకున్నట్టు జరగలా. నా లెక్కే యాడో తప్పినట్టుండాది," అని కాగితాలు మొదటి నుంచి తిరగేసింది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నా నోరు తెరిచే ఉంది. ఆమె అద్దం తీశాక మూసుకున్నాను.

నవంబరులో ఒక ఆదివారం కుప్పంలో, విజయ గదిలో నిద్ర లేచేసరికి పై పెదవి ఉబ్బి ముక్కుకు తగులుతోంది. ఒళ్లు కాలుతోంది. నోట్లో చేదు, చీము వాసన. తొడుగు తీయడానికి పది నిమిషాలు పట్టింది. దాన్ని కడిగి పెడదామని విజయ కొళాయి కిందికి పట్టుకెళ్లింది. నీళ్ల చప్పుడు ఆగిపోయింది. ఆమె తొడుగును కిటికీ దగ్గర వెలుగుకు పట్టి చూస్తోంది.

"ఇది యాల ఈ రంగులో ఉండాది?"

"పాతది కదా."

"ఎన్నాళ్ల పాతది?"

"ఎనిమిది రోజులు."

వాసన చూసింది. నా సంచి తెచ్చి, అందులో ప్లాస్టిక్ కవరులో దాచిన పాత తొడుగులన్నీ బల్ల మీద పోసింది. అన్నీ ఒకటే రంగు. ల్యాబులో పిల్లల ముందు పెట్టినట్టు వరసగా పేర్చింది.

"ఊర్లో వాళ్ల దొంగలెక్కలన్నీ పేపర్లో వేస్తావు," అంది. "నీ దొంగలెక్క మాత్రం నోట్లో పెట్టుకుని తిరిగినావు. ఏమప్పా, ఆ డాక్టరు పిల్ల నిన్ను నమ్మింది గదా?"

డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఆదివారం క్లినిక్ ఉండదు. "ఇప్పుడే బయల్దేరండి మేడం, నేనొచ్చి తలుపు తీస్తా," అంది ఆమె. సోమవారం స్కూల్లో తనిఖీ ఉందని విజయ వారం రోజులుగా చెబుతోంది. హెడ్మాస్టరుతో మాట్లాడి సెలవు పెట్టింది. ఒక్కణ్నే వెళతానన్నాను. "నోరు మూసుకో," అని, నా పెదవి చూసి, "మూతబడదు కూడా," అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

పలమనేరు దాకా బస్సులో ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అక్కడ దిగి చల్లటి నీళ్ల సీసా కొని, రుమాలు తడిపి నా పెదవి మీద పెట్టింది. పుంగనూరు దాటేదాకా ఆ చేయి తీయలేదు. నా జీవితంలో అంత పొడుగైన ప్రయాణం లేదు.

డాక్టరమ్మ చీము తీసి, మందులు రాసింది. అప్పుడు నేనే ఆ కవరు ఆమె బల్ల మీద పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మండీలు, టీలు, క్లినిక్ రోజు కొత్త తొడుగు వేసుకుని రావడం. ఆమె ఒక్కొక్కటే తీసి చూసింది.

"నెల దినాలుగా నేనే తప్పు చేసినాననుకుంటాండా సార్," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత విషయం చెప్పింది. "తొడుగులు ముందుకు పోయినాయి, పన్ను యెనకనే నిలబడిపోయింది. వేడికి వంకరపోయినదాంతో దాన్ని వేరే పక్కకు నొక్కినారు. తీపి చిగురు కింద చేరింది. ఎడమ పన్ను నిలబెడతానని ఇప్పుడు మాటివ్వలేను. కుడిదాన్ని మాత్రం పోనీకూడదు."

ఆ తర్వాత రెండు నెలలు నోట్లో ఏమీ లేదు. షుగర్ దిగాలి, చిగుళ్లు చల్లబడాలి, అప్పుడు చూద్దాం అంది. ఆ రెండు నెలలే అన్నిటికంటే చెడ్డవి. ఎడమ పన్ను ఊపిరికి కూడా కదులుతున్నట్టుండేది. నిద్రలో మింగేస్తానేమోనని భయం. అమ్మ వేరుశనక్కాయల్ని రోట్లో పొడిచేసి పెట్టేది, సంగటిని ఇంకా మెత్తగా కెలికేది. ఎగతాళి పూర్తిగా మానేసింది. అది మానేసిందంటే పరిస్థితి బాగాలేదని నాకు అర్థమైంది. విజయ రెండు శనివారాలు రాలేదు. స్కూల్లో పని ఉందంది. మూడో శనివారం వచ్చి, టార్చి వేసి నా నోట్లోకి చూసి, "ఎరుపు తగ్గింది," అంది. అంతవరకూ ఆమెకు నా మీద కోపం పోలేదని, ఆ మాటతో కాస్త పోయిందని తెలిసింది.

జనవరిలో మళ్లీ ఎంచుకోవాల్సి వచ్చింది.

"అలైనర్లే మళ్లీ చేయించొచ్చు సార్, మీరు నిజం చెప్తానంటే," అంది డాక్టరమ్మ.

"వద్దమ్మా. నా చేత్తో తీయలేనిదే వేయి."

ఇక్కడ ఒక మాట. అలైనర్లు చెడ్డవని నేను చెప్పడం లేదు. అదే క్లినిక్‌లో నాతోపాటే మొదలుపెట్టిన ఒక బ్యాంకు ఉద్యోగికి అవే వేశారు, పళ్లు చక్కగా కుదురుకున్నాయి. ఆయన టీ తాగేది పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మీరు ఏది వేయించుకున్నా, మీ దినం ఎలా గడుస్తుందో డాక్టరుకు సిగ్గు పడకుండా చెప్పండి. డాక్టరు వైద్యం చేసేది మీరు చెప్పిన దినానికే.

క్లిప్పులు సుఖమేమీ కాదు. తీగ చివర చెంపలో గుచ్చుకుంటే మైనం అద్దుకోవాలి. పుండ్లు పడి వారం రోజులు కారం తినలేకపోయాను. ప్రతి భోజనం తర్వాత చిన్న బ్రష్షుతో ఒక్కొక్క పన్ను చుట్టూ తోమాలి, అరగంట పడుతుంది.

ఇక మార్కెట్. నేను ఇంతకాలం భయపడింది దీనికే కదా. రెడ్డెప్ప నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "ఏమప్పా, నోటికి ముళ్లకంచె వేసినారే! ఎవురి మీద వార్త రాసినావు?"

గుమస్తా అందుకున్నాడు. "టమాటా పందిరికి కట్టే తీగ కాదా సార్ అది?"

మండీలన్నీ నవ్వాయి. ఆ నవ్వు రెండు రోజులుంది. మూడో రోజు రేటు పడిపోయింది, అందరూ నా నోరు మర్చిపోయారు. రెండు రోజుల నవ్వును తప్పించుకోవడానికి నేను మూడు నెలలు టీ పోసి పన్నును నానబెట్టాను.

మండీలన్నిటికీ టీ మోసేది ఖాదర్ బాషా. ఒక పొద్దున ఫ్లాస్కు పక్కన పెట్టి మెల్లగా అడిగాడు. "అన్నా, చక్కెర టీ వద్దన్నారా డాక్టరు?"

"అవును బాషా. వద్దంటే వీళ్లు ఊరుకోరు."

మర్నాడు రెడ్డెప్ప మండీలో బాషా నాకు కాగితం కప్పు అందించాడు. తాగితే గోరువెచ్చటి ఉత్త నీళ్లు. పక్క మండీలోనూ అంతే. "కప్పులోకి ఎవురు తొంగి సూస్తారన్నా? సేతిలో ఉంటే సాలు," అన్నాడు. ఇంత చిన్న ఉపాయం, అడిగి ఉంటే ఆగస్టులోనే దొరికేది.

మార్చిలో ఎడమ పన్ను పీకేశారు. డాక్టరమ్మ చెప్పకముందే నాకు తెలుసు. విజయ పక్కన నిలబడింది. పట్టకారు పెట్టిన తర్వాత ఏ బలమూ అవసరం కాలేదు. ఇన్నాళ్లు నేను దాచుకున్నది అంత తేలిగ్గా బయటికొచ్చేసింది. పళ్లెంలో చూశాను. వేరు నేననుకున్నదానికంటే పొడుగ్గా ఉంది, చాలామేరకు ఎముక పట్టు తప్పి గరుకుగా ఉంది. ఖాళీ కనిపించకుండా అదే ఆకారంలో ఒక పన్ను చేసి తీగకు కట్టింది డాక్టరమ్మ. కుడిది మాత్రం నెలనెలా మిల్లీమీటరు చొప్పున లోపలికి వచ్చింది. ఇప్పుడు వేలితో నొక్కితే కదలదు. క్లిప్పులు ఇంకొన్ని నెలలుంటాయి. ఆ తర్వాత వెనక తీగ, అది నేను ఉన్నంతకాలం.

పోయిన వారం రెడ్డెప్ప మండీలో కూర్చుని ఉన్నాను. నేనేదో అడుగుతుంటే నా నోటి వైపే చూస్తున్నాడు.

"ఇప్పుడు దోవకొచ్చినాయప్పా నీ పండ్లు," అన్నాడు. "ముందరియి రెండూ సమంగా నిలబడినాయి."

అవునని చెప్పి ఊరుకోవచ్చు. మార్కెట్లో ఎవరికీ తెలియదు.

"ఎడమది నాది కాదు రెడ్డెప్పా. పీకేసినారు. తీగకు కట్టిన ఉత్త పన్ను అది."

"మరి కుడిది?"

"ఇప్పటికి నిలబడింది. ఎన్నాళ్లుంటాదో డాక్టరమ్మ చెప్పలా."

ఆయన గుమస్తాను కాటా దగ్గరికి పంపించాడు. అతను వెళ్లిన తర్వాత నా వైపు వంగి, బొటనవేలితో పై పెదవి ఎత్తి చూపించాడు. చిగుళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ముందు రెండు పళ్ల మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు.

"రెండేండ్లాయ," అన్నాడు. "ఇంట్లో కూడా చెప్పలా."

"రేపు నాతో రా."

అప్పుడు అడిగాడు, ముళ్లకంచె అని నన్ను చూసి నవ్విన మనిషి, ఎవరికీ వినపడకుండా.

"నొప్పి పుడతాదా?"

"పుడతాది," అన్నాను.